గొప్ప సినిమానే, కానీ...

"గొప్ప సినిమా రా! కానీ నా ముందు మళ్లీ పెట్టకు."

నిన్న రాత్రి 'విసారణై' పెట్టబోతున్న తమ్ముడితో ఓ అక్క అన్న మాట ఇది.

వెట్రిమారన్ తీసిన ఈ సినిమా ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు గెలిచింది. ఎడిటర్ కిశోర్‌కి మరణానంతరం ఇంకో అవార్డు వచ్చింది. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ తను పడ్డ బాధలనే 'లాకప్' నవలగా రాస్తే, దాని ఆధారంగా తీశారు.

కథ మొదలయ్యేది మన గుంటూరులోనే. పొట్ట చేతబట్టుకొచ్చి పార్కులో పడుకునే తమిళ కుర్రాళ్లని, చేయని దొంగతనం ఒప్పుకోమని స్టేషన్లో చితకబాదుతుంటారు. గద్దించేది తెలుగులో. వాళ్లకేమో ఆ భాష సరిగ్గా రాదు.

మనకి మాత్రం ప్రతి మాటా అర్థమవుతుంది. ఇన్‌స్పెక్టర్‌గా అజయ్ ఘోష్ నోరు తెరిస్తే చాలు, కడుపులో దేవినట్టవుతుంది.

అక్క భయపడేది ఆ స్టేషన్ గదిలో మళ్లీ కూర్చోవడానికే. తీసిన తీరుకి మాత్రం ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతుంది. ఎవరడిగినా ఒక్కసారైనా చూడమనే చెబుతుంది. ఈ రెండూ ఒకే మనసులో ఉండటం ఎంత సహజమో! మళ్లీ చూడలేనంటే బాగాలేదనే అర్థం తీస్తాం గానీ, ఈ రెండూ ఒకటి కావు.

మీరు మనసారా మెచ్చుకుని, మళ్లీ చూడలేకపోయిన సినిమా ఏది? ఏ సీన్ దగ్గర ఆపేశారు?