బెర్న్‌లో వాన, ఐన్‌స్టీన్ ఇల్లు, ఓ నెగెటివ్ టెస్ట్ కేసు

స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సినిమా పాట. పచ్చటి కొండ, వెనకాల మంచు, పైన నీలాకాశం, ఆ చలికి ఏమాత్రం పనికిరాని బట్టల్లో హీరోయిన్. పొద్దున్న మొదలై రాత్రిదాకా సన్నగా ఏడుస్తూ కురిసే వాన ఏ పాటలోనూ కనపడదు. ఇక్కడ కాపురం ఉండేవాళ్ళకి మాత్రం శని, ఆదివారాల్లో ఎక్కువగా దొరికేది అదే :)

మొన్న అక్టోబర్లో ఓ శనివారం యుంగ్‌ఫ్రావ్ వెళ్దామనుకున్నాం. తెల్లారి లేచి చూస్తే వాన. పైకెళ్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, టికెట్ ధర మాత్రం తగ్గదు. "పులిహోర కలిపేశాను, ఎక్కడికో అక్కడికి తీసుకెళ్ళు" అంది మా ఆవిడ. అలా బెర్న్ వెళ్ళాం. జూరిక్ నుంచి రైల్లో గంట లోపే.

వానలో చూడ్డానికి ఇంతకంటే మంచి ఊరు స్విట్జర్లాండ్‌లో లేదని నా అభిప్రాయం. పాత ఊరంతా ఆరే నది ఒంపులో ఉంటుంది. 1191లో కట్టిన ఊరు, 1405లో చాలాభాగం తగలబడిపోతే ఆ తర్వాత రాయితో మళ్ళీ కట్టుకున్నారు. ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిదరంగు ఇసుకరాయి. ఇళ్ళ ముందుభాగం కింద కమాను వసారాలుంటాయి, మన పాత ఊళ్ళలో అరుగుల్లా, కాకపోతే వరసగా అన్నీ కలిసిపోయి. అన్నీ కలిపితే ఆరు కిలోమీటర్ల దాకా ఉంటాయట. కొట్లన్నీ ఆ వసారాల్లోనే. రోడ్డు మీద వాన పడుతుంటే మనం తడవకుండా ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచిపోవచ్చు. 1983లో యునెస్కో వాళ్ళు ఈ పాత ఊరిని వారసత్వ జాబితాలో చేర్చారు.

దారిలో గడియారం బురుజు. ఒకప్పుడు ఊరి పడమటి ద్వారం. గంట కొట్టడానికి నాలుగు నిముషాల ముందు కోడిపుంజు కూస్తుంది, ఎలుగుబంటి బొమ్మలు గుండ్రంగా తిరుగుతాయి, విదూషకుడు గంటలు కొడతాడు. గొడుగులకింద ఓ యాభైమందిమి మెడలెత్తి చూశాం. నిజం చెప్పాలంటే చూడ్డానికి అంత గొప్పగా ఏం లేదు. మా ఆవిడ మాత్రం, "ఇది 1530 నుంచి ప్రొడక్షన్‌లో ఉంది. మీ రిలీజ్ ఒక్కటైనా ఐదేళ్ళు నిలబడిందా?" అంది. తను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు టెస్టింగ్‌లో పనిచేసింది. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది.

అక్కడ్నుంచి ఓ రెండొందల మీటర్లు నడిస్తే క్రామ్‌గాస్సె 49. ఐన్‌స్టీన్ ఇల్లు. ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తుకెళ్తే వీధివైపు ఓ హాలు, బల్ల, కుర్చీలు, గోడకి ఫోటోలు. మన హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఇంతకంటే పెద్దదుంటుంది. 1903 నుంచి 1905 దాకా ఇక్కడ అద్దెకున్నాడు. పేటెంట్ ఆఫీసులో మూడో తరగతి సాంకేతిక నిపుణుడి ఉద్యోగం, రోజుకి ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. ఇంట్లో 1904లో పుట్టిన చంటివాడు. అలా ఉంటూనే 1905లో కాంతి గురించి, బ్రౌనియన్ చలనం గురించి, సాపేక్షత గురించి పేపర్లు రాశాడు. మనలాంటి ఉద్యోగస్తులకి వినడానికి ఎంత బావుంటుందో! నేను ఆ ఉత్సాహంలోనే ఉన్నాను. రేపట్నుంచి సాయంత్రాలు టీవీ కట్టేసి నా సొంత ప్రాజెక్టు దుమ్ముదులపాలి అనుకుంటున్నా.

మా ఆవిడ పై అంతస్తులో బోర్డులన్నీ చదివి కిందకి వచ్చింది. గోడమీద పెళ్ళి ఫోటో ముందు ఆగింది.

"ఈవిడ కూడా ఫిజిక్సే చదివింది, తెలుసా?" అంది.

మిలేవా మారిచ్. సెర్బియా అమ్మాయి. 1896లో జూరిక్ పాలిటెక్నిక్‌లో ఐన్‌స్టీన్‌తో పాటు చేరింది. వాళ్ళ బృందంలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. 1900లో డిప్లొమా పరీక్ష పోయింది, 1901లో మళ్ళీ రాస్తే మళ్ళీ పోయింది. రెండోసారి రాసేనాటికి గర్భవతి, అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఆ పాప 1902లో పుట్టింది. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది 1980ల్లో పాత ఉత్తరాలు బయటపడ్డాకే. పాప ఏమయిందో తేలనే లేదు. 1903లో బెర్న్‌లోనే పెళ్ళి. 1919లో విడాకులు. ఎప్పటికైనా నోబెల్ బహుమతి వస్తే ఆ డబ్బు ఆవిడకి అని ఒప్పందం. వచ్చింది, ఇచ్చాడు. ఆవిడ జూరిక్‌లోనే పిల్లల్ని పెంచుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ, జబ్బుపడ్డ చిన్నకొడుకుని చూసుకుంటూ 1948లో పోయింది.

ఆ పేపర్లలో ఆవిడ చెయ్యి ఉందని కొందరంటారు, ఆధారం లేదని చాలామంది చరిత్రకారులంటారు. నేను అదే చెప్పబోయాను.

"ఆవిడ రాసిందా లేదా అని ఇన్నేళ్ళుగా కొట్టుకుంటున్నారు. పరీక్ష మూడోసారి రాసుంటే ఏమయ్యేదని ఎవరూ అడగరేం?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. బయటికొచ్చాం.

ఇక్కడ కొంచెం మా సంగతి చెప్పాలి. మేమొచ్చి పద్నాలుగు నెలలయింది. రావాలని ఇద్దరం కూర్చుని అనుకున్నదే, ఎవరూ ఎవర్నీ లాక్కురాలేదు. ఉద్యోగం మాత్రం తనే వదిలింది. నాది బి పర్మిట్ కాబట్టి తను పనిచేయడానికి చట్టం అడ్డు చెప్పదు. జర్మన్ అడ్డు చెప్తుంది. ఇప్పటికి ఓ పాతిక చోట్ల అప్లై చేసింది, రెండు చోట్ల ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. ఇంతలో మా మేనేజర్ ఇంకో రెండేళ్ళు పొడిగిస్తాం, సోమవారం లోపల చెప్పు అన్నాడు. శుక్రవారం రాత్రి ఇంట్లో ఆ మాట చెప్పాను. "ఊఁ" అంది, అంతే.

మూసున్న ఓ కొట్టు మెట్లమీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. ఎదురుగా వాన.

"రెండేళ్ళంటే మొత్తం మూడు దాటుతుంది. అప్పుడు నా రెజ్యూమె చూసేవాడుండడు" అంది.

"ఈలోపల ఇక్కడే వస్తుందిలే."

"వస్తే మంచిదే. నువ్వు పాజిటివ్ కేసు ఒక్కటే రాసి రిలీజ్ చేసేస్తున్నావు. రాకపోతే ఏంటన్న కేసు ఎక్కడుంది?"

తినడం అయ్యాక పార్లమెంటు భవనం దాకా నడిచాం. ముందున్న చౌకులో 26 కాంటన్లకి గుర్తుగా 26 నీటిధారలు ఎగిసే ఫౌంటెన్ ఉంది. పైనుంచి పడే ధారలముందు దాన్ని పట్టించుకునే వాళ్ళు లేరు. ఆకాశం బావుంటే వెనక టెర్రస్ నుంచి ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు కనపడతాయి. మాకు మబ్బు కనపడింది.

ఈ దేశంలో ఆడవాళ్ళకి జాతీయ ఎన్నికల్లో ఓటుహక్కు వచ్చింది 1971లో. మనకి మొదటి ఎన్నికల నుంచే ఉంది. పెళ్ళయిన ఆడది ఉద్యోగం చెయ్యాలంటే మొగుడి సమ్మతి ఉండాలన్న పాత సివిల్ కోడ్ నియమం 1988లో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా ఉంది. ఇవి చదివి మనం నయం అనుకోవడం తేలికే. కానీ అమెరికాలో హెచ్4 వీసా మీద వెళ్ళినవాళ్ళకి, అదీ కొందరికే, పనిచేసే అనుమతి 2015లో గానీ రాలేదు. అయినా ఎన్ని వేల ఇళ్ళనుంచి ఎంటెక్‌లు, ఎంసీఏలు సూట్‌కేసు సర్దుకుని వెళ్ళలేదు? అక్కడ ఏ మొగుడూ వద్దనలేదు. వద్దనాల్సిన అవసరమే రాలేదు.

చెప్పొచ్చేదేంటంటే, ఆన్‌సైట్ అవకాశం రాగానే మనమందరం ఓ ఎక్సెల్ షీటు తెరుస్తాం. జీతం, అద్దె, ఇన్సూరెన్స్, మిగులు. అందులో రెండో మనిషి ఆగిపోయిన జీతానికి కూడా కొందరు ఓ గడి పెడతారు. ఏడాదేడాదికీ ఆ మనిషి అనుభవానికి పడిపోయే విలువకి గడి ఎవరూ పెట్టరు. పెట్టడం కష్టం కూడా, ఎందుకంటే ఆ అంకె బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనపడదు. ఇంటర్వ్యూలో "ఈ మధ్యలో ఏం చేశారు" అని అడిగినప్పుడే కనపడుతుంది. భర్తే వెంట వెళ్ళిన ఇళ్ళు కూడా నాకు తెలుసు, లెక్క వాళ్ళకీ అదే.

వెళ్ళొద్దని నేననను. వెళ్ళండి. మంచి ఊళ్ళు, మంచి జీతాలు, మంచి రైళ్ళు. కానీ ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఓ తేదీ రాసుకోండి. ఆ తేదీకి రెండో మనిషి పనిలో లేకపోతే ఏం చేస్తారో కూడా పక్కనే రాసుకోండి. "చూద్దాంలే" అన్నది తేదీ కాదు.

తిరుగు రైల్లో మేము రాసుకున్నది ఇదీ. తొమ్మిది నెలలు పొడిగింపు. తనకి రోజూ జర్మన్ క్లాసు, ఫీజు ఎంతయినా సరే. జూలై ఆఖరుకి ఇక్కడ ఉద్యోగం వస్తే ఉంటాం, రాకపోతే హైదరాబాద్. సోమవారం మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. రెండేళ్ళు ఎందుకొద్దంటున్నావని ఫోన్ చేసి అడిగాడు. మా ఆవిడ కెరీర్ అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, సరే, పైవాళ్ళని కనుక్కుని చెప్తానన్నాడు.