తుప్పు చెప్పే సాక్ష్యం

టోకియోలో సుమీదా నది ఒడ్డున ర్యోగోకు అనే పేట వున్నది. రైలు దిగగానే సుమో మల్లుల కుస్తీశాల కనబడుతుంది. వచ్చినవాళ్లలో చాలామంది అటే పోతారు. నేను మాత్రం దానిని దాటి, పాత యసుదా తోట పక్కనున్న కత్తుల మ్యూజియానికి వెళ్లాను. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు వేసవి సెలవులకు రమ్మంటే వెళ్లినవాణ్ణి. ప్రబంధాలు చెప్పుకునే మేష్టారికి కత్తులతో ఏం పని అని మా ఆవిడ బయలుదేరేముందే అడిగింది. పని వున్నది మరి!

మా తాతగారు మద్రాసు రెజిమెంటులో సుబేదారు. బర్మా యుద్ధం ముగిశాక 1946లో ఇంటికి వస్తూ, లొంగిపోయిన ఒక జపాను అధికారి కత్తి తెచ్చారు. అది మా నడవ గోడమీద వేలాడుతూ వుండేది. నాకు పదిహేడో ఏట దసరాకు ఆయుధపూజ చేస్తామంటే, ఉత్సాహంకొద్దీ నేను పిడిలోని వెదురు చీల తీసి, పిడి ఊడలాగాను. లోపలి ఇనుము నల్లగా తుప్పు పట్టి వున్నది. కిరసనాయిలూ ఇటుకపొడీ పెట్టి రెండు గంటలు తోమితే అద్దంలా అయింది. తాతగారు వీపు తట్టారు. ఆ మెప్పు పాతికేళ్లు నిలిచింది. నిరుడు మా పెదనాన్నగారి అబ్బాయి కత్తి అమ్ముదామన్నాడు. పాతసామాన్ల వర్తకుడొకడు వచ్చి, ఒర ఇనుపది, ఖాకీరంగుది గనుక యుద్ధకాలపు ఫ్యాక్టరీ సరుకే అని తేల్చి, కొద్దివేలు ఇస్తానన్నాడు. అమ్మాలా వద్దా అని ఇంట్లో రెండు పక్షాలయినాయి. ఫోనులో ఫొటోలు తీసుకుని నేను జపాను చేరాను.

ఈ మ్యూజియం వెనుక ఒక కథ వున్నది. 1945లో జపాను ఓడిపోగానే ఆయుధాలన్నీ అప్పగించాలని ఆక్రమణ సైన్యం ఆజ్ఞాపించింది. వంశపారంపర్యంగా వస్తున్న కత్తులు గుట్టలుగా పోయాయి. ఇవి కళాఖండాలు, కాపాడుకోవాలి అని పట్టుబట్టినవారు 1948లో ఒక సంఘం పెట్టుకున్నారు. మ్యూజియం ఆ సంఘానిదే. 2018లో ఈ కొత్త భవనంలోకి మారింది.

లోపల కత్తులకు పిడులూ లేవు, ఒరలూ లేవు. దిగంబరంగా గుడ్డమీద పడుకోబెట్టి వున్నాయి. నాకు అన్నీ ఒకటిగానే కనబడ్డాయి. నా పక్కన ఒక వృద్ధుడు మోకాళ్లు వంచి, తల అటూ ఇటూ తిప్పుతూ ఒకే కత్తిని పావుగంట చూస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, ఇంగ్లీషులో, “కిందికి వంగండి, దీపం వాదరమీద పడేచోట చూడండి” అన్నాడు. వంగాను. అంతదాకా లేని ఒక తెల్లని తరంగం అంచు పొడుగునా మేలుకున్నది! దానిని హమోన్ అంటారు. కత్తికి మట్టి పూసి, అంచున పలచగా, వెన్నున మందంగా వుంచి, కాల్చి నీటిలో ముంచితే అంచు మాత్రం గట్టిపడుతుంది. ఆ హద్దు గీతే ఇది. కొన్నిచోట్ల నక్షత్రాల్లాగా విడివిడి రవ్వలు, కొన్నిచోట్ల పొగమంచు. ఏ ప్రాంతపు కమ్మరి చెయ్యో దీనిని బట్టి సగం తెలుస్తుందట.

ఆయనది నలభై ఏళ్ల అభ్యాసం. అక్కడి కత్తిప్రియులు ఒక పోటీ ఆడుకుంటారు. పిడిలోకి దిగే భాగాన్ని గుడ్డతో కప్పి కత్తి చేతికిస్తారు. వంపు చూసి, ఉక్కు నేత చూసి, హమోన్ చూసి, కమ్మరి పేరు చీటీమీద రాసి ఇవ్వాలి. సరిగ్గా తగిలితే ‘అతారి’ అంటారు. పొరపాటైతే ‘ఇయ’. “నేను ఎక్కువ ఇయలే విన్నాను” అన్నాడాయన. కప్పిపెట్టేది ఎందుకంటే, కమ్మరి సంతకం చెక్కేది అక్కడే. అయితే సంతకాన్ని నమ్మినవాడు చెడతాడు. కొతెత్సు వంటి గొప్పవాళ్ల పేర్లు దొంగచెక్కుళ్లు కొల్లలు. అందుకే తరతరాలుగా హొన్అమి వంశంవారు పరీక్షచేసి, మడతకాగితం మీద నిర్ణయం రాసి ఇచ్చేవారు. మడతకాగితాన్ని ఒరిగామి అంటారు. నేటికీ గట్టి హామీ వున్న వస్తువునూ మనిషినీ జపానులో ‘ఒరిగామి వున్నది’ అని మెచ్చుకుంటారు.

“సంతకం అబద్ధమాడవచ్చు, తుప్పు ఆడదు” అన్నాడాయన. పిడిలోపలి ఇనుమును, అంటే నకగోను, శతాబ్దాల తరబడి ఎవరూ శుభ్రం చెయ్యరు. పాతది చిక్కని నల్ల గోధుమరంగు తేరుతుంది. కొత్త తుప్పు ఎర్రగా వుంటుంది. దొంగసంతకం చెక్కితే, ఆ గీతల్లోని తుప్పు చుట్టుపక్కలతో కలవదు.

నాకు గొంతు తడారిపోయింది. ఫోను తీసి చూపించాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “మెరుస్తున్నదే” అన్నాడు చివరికి.

“నేనే తోమాను.”

ఆయన తల పంకించి, బొమ్మను పెద్దది చేశాడు. చీల రంధ్రాలు రెండు వున్నాయి. పూర్వం పొడవైన కత్తిని తరువాతివాళ్లు మొదలు కోసి పొట్టి చేసుకునేవారట. అప్పుడు పిడి జరుగుతుంది, కొత్త రంధ్రం పడుతుంది, సంతకం తెగిపోతుంది. “మీదాని మీద సంతకం లేదు. ఫ్యాక్టరీ ముద్ర కూడా కనబడటం లేదు. సైన్యపు ఒరలో తాతల కత్తి పెట్టుకుని యుద్ధానికి పోయిన అధికారులు చాలామంది వున్నారు. అయితే ఫొటో చూసి తీర్పు చెప్పకూడదు. రంధ్రం వేరే కారణానికీ వేస్తారు. ఆ తుప్పు వుండివుంటే, ఎనభై ఏళ్లదో, నాలుగువందల ఏళ్లదో తేల్చడానికి ఒక దారి వుండేది.” కాస్త ఆగి, “ఇకమీదట ఎవరినీ మెరుగుపెట్టనివ్వకండి” అన్నాడు. సాన పట్టే విద్యకు అక్కడ ఏళ్ల తరబడి శిష్యరికం చెయ్యాలి.

వస్తూ వస్తూ కత్తులకు రాసే నూనె చిన్న సీసా ఒకటి కొన్నాను. అందులో లవంగతైలం కలుపుతారు.

ఇంటికి రాగానే మా అన్నయ్య, “ఏమన్నార్రా? ఎంత చేస్తుందిట?” అన్నాడు.

“ఆనాడు నేను తోమకపోయివుంటే చెప్పగలిగేవారు, అన్నయ్యా” అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. సీసా మూత తీసి వాసన చూసి, “ఇదేమిట్రా, తాంబూలం వాసన వేస్తున్నది?” అని, గోడమీది కత్తిని తానే దింపాడు.