తొట్టిలో చెయ్యి ఎవరిది?

నేను మేడ్చల్‌లో ఉంటాను, మా చెల్లి శామీర్‌పేటలో. చలికాలం సిటీ వాళ్ళ కంటే మాకు ముందే తెలుస్తుంది. చెరువులు, ఖాళీ జాగాలు... జనవరి తెల్లవారుజామున ఒక్కోసారి 12 డిగ్రీల కిందికి దిగిపోతుంది. గప్పీలకూ, ఏంజెల్ చేపలకూ 24 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం కావాలి. (గోల్డ్ ఫిష్‌కి ఆ బాధ లేదు, చల్లని నీళ్ళే దానికి సుఖం.) అట్లా చెల్లెలింటి చేపల తొట్టిలోకి హీటరు వచ్చింది.

తొట్టి కొన్నది మా మరిది. నీళ్ళు మార్చేదీ, నాచు గీకేదీ, మేత వేసేదీ చెల్లి. "అక్కా, అది నీళ్ళల్ల ఉన్నంక నేను చెయ్యి పెడ్తే కరెంటు కొడ్తదా?" అని ఫోన్లో అడిగింది. ఆ ఇంట్లో ఈ ప్రశ్న ఇంకెవరికీ రాలేదు. ఎందుకొస్తుంది, చెయ్యి పెట్టేది వాళ్ళు కాదు కదా! ఆడపిల్లకు "ప్లగ్గు ముట్టకు" అని చెప్పి పెంచుతారు. పెళ్ళయ్యాక బకెట్లో వేసే రాడ్డు ఆ చేతికే ఇస్తారు. భయం నేర్పుతారు గానీ కరెంటు సంగతి నేర్పరు.

నాకు తెలిసినంత చెప్పాను. లీటరుకి సుమారు ఒక వాటు. దాని 60 లీటర్ల తొట్టికి 50 లేదా 75 వాట్లది చాలు. గాజు గొట్టం ఎప్పుడూ నీళ్ళలో మునిగే ఉండాలి. నీళ్ళు తోడినప్పుడు పైకి తేలితే వేడెక్కి పగులుతుంది, పగిలితే లోపలి తీగ నీళ్ళకి తగులుతుంది. అందుకే చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకెయ్యాలి, పావుగంట ఆగాలి. స్విచ్చి ఆపితే చాలదా అంటే చాలదు. వైరింగు తప్పుగా ఉంటే స్విచ్చి న్యూట్రల్‌ని తెంపుతుంది, నీళ్ళలో ఫేజు అలాగే ఉంటుంది. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాలి, జారిన చుక్క కిందే రాలిపోతుంది. థర్మోస్టాట్ మొరాయిస్తే చేపలు ఉడుకుతాయి కాబట్టి వేరే థర్మామీటరు ఒకటి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పెట్టడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ "సార్ లేరా?" అని గుమ్మంలోనే నిలబడ్డాడట. "తొట్టిల చెయ్యి పెట్టేది నేను, నాకు చెప్పు" అందట మా చెల్లి. ఇప్పుడు నెల మొదటి తారీఖున పాల లెక్క రాసుకుంటూ దాని టెస్ట్ బటన్ నొక్కుతుంది. ఇల్లంతా ఒక్కసారి కరెంటు పోతుంది, టీవీ ముందు నుంచి మరిది అరుస్తాడు.