రెండోసారి... సగం ఖర్చుతో డిస్నీ!

అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలను ఊళ్లో అందరూ ముందుగా అడిగేది ఒకటే... 'ఏమేం చూశారు?' అని. 2022 శీతాకాలమంతా అట్లాంటాలో కొడుకు దగ్గరుండి తెనాలి తిరిగొచ్చిన ఓ పెద్దావిడనూ అలాగే అడిగారు. 'డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లారటగా, ఏం చూశావు వదినా?' అంటే, 'బ్యాగులు చూశాను' అందావిడ. నవ్వుతూనే అంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి అట్లాంటా చేరింది. కోడలు మాత్రం నవ్వలేకపోయింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు మరి. ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కన 1971 అక్టోబరు 1న మొదలైన వాల్ట్ డిస్నీ వరల్డ్ అంటే ఒక్క పార్కు కాదు. మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్... ఇలా నాలుగు పెద్ద పార్కులు, రెండు వాటర్ పార్కులు, పాతిక్కి పైగా హోటళ్లు. తొలినాళ్లలో లోపలికెళ్లే టిక్కెట్టు మూడున్నర డాలర్లు. 2025 క్రిస్మస్ రోజులకొచ్చేసరికి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక్కరోజు టిక్కెట్టే 199 డాలర్లయింది. ఈ కుటుంబం మొదటిసారి వెళ్లింది సరిగ్గా అలాంటి క్రిస్మస్ వారంలోనే, 2022లో. ఏడాది మొత్తంలో జనం, ధర రెండూ ఆకాశాన్నంటే వారం అది!

పైగా నాలుగు రోజుల టిక్కెట్టు. ఎక్కువ రోజులకు కొంటే రోజుకి పడే ధర తగ్గుతుంది కాబట్టి 'ఇంత తక్కువకొస్తుంటే వదులుతామా?' అనుకున్నారు. ఆషాఢం సేల్లో రెండు కొంటే ఒకటి ఉచితమని అక్కర్లేని మూడో చీర తెచ్చుకోవడం లాంటిదే ఇదీ. రోజులు పెరిగితే హోటలు, తిండి, పార్కింగు... అన్నీ పెరుగుతాయి. అంత డబ్బు పోశాం కాబట్టి తెల్లారకుండా లేచి అర్ధరాత్రి దాకా తిరగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు బెంచీ మీద సంచులకు కాపలా, మిగతావాళ్లు క్యూలో!

2025 వేసవిలో పెద్దవాళ్లిద్దరూ మళ్లీ వెళ్లారు. మోకాళ్లకు ఆపరేషన్ తప్పదని డాక్టర్లు చెప్పేశారు. 'ఇదే ఆఖరు, ఇంక నేను విమానం ఎక్కను' అని ఆవిడ ముందే ప్రకటించింది. ఎలాగైనా అత్తగారికి డిస్నీ సరిగ్గా చూపించాలన్నది కోడలి పంతం. అసలు చిక్కు మామగారితో. డాలరు ఎనభై ఎనిమిది రూపాయల దగ్గరున్న రోజులు. పార్కింగు ముప్ఫై డాలర్లని తెలియగానే 'బండి పెట్టుకోవడానికి రెండు వేల ఆరొందలా? మళ్లీ అంత తగలేస్తానంటే నేను రానమ్మాయ్!' అనేశారు. 'సగంలో తేలుస్తాను మామయ్యగారూ, లెక్క మీరే రాయండి' అని నోట్‌బుక్ ఆయన చేతికే ఇచ్చింది కోడలు.

ఎప్పుడు వెళ్లాలి?

ముందుగా తేల్చుకున్నది తేదీలు. 2018 నుంచి డిస్నీ వరల్డ్ టిక్కెట్టు ధర తేదీని బట్టి మారుతోంది. దక్షిణాది రాష్ట్రాల్లో బడులు ఆగస్టులోనే తెరుస్తారు. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవు దాటితే జనం పల్చబడతారు, ధరలూ దిగుతాయి. పాపకి రెండ్రోజులు బడి మానిపిస్తే చాలు. ఇంకో సంగతీ ఉంది. మూడేళ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు అక్కర్లేదు. ఇంట్లో బుల్లోడికి నవంబరులో మూడు నిండుతాయి! తొమ్మిదేళ్ల పాపకి పిల్లల టిక్కెట్టేగానీ, పెద్దల ధరకీ దానికీ తేడా ఏమంత ఉండదు.

సెప్టెంబరుతో వచ్చే భయం తుపాన్లు. కోస్తావాళ్లకి కొత్తగా చెప్పేదేముంది! 2022 సెప్టెంబరు ఆఖర్లో ఇయాన్, 2024 అక్టోబరులో మిల్టన్ వచ్చినప్పుడు పార్కులు మూసేశారు. అందుకే నాలుగు డాలర్లు ఎక్కువైనా, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే బసే చూసుకున్నారు. డిస్నీ హోటల్లో రెండు గదులకు బదులు, దగ్గర్లోని కిసిమీలో వంటగది ఉన్న ఇల్లు. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు పార్కుల దగ్గర పార్కింగు ఉచితం, అరగంట ముందుగా లోపలికి పంపుతారు కూడా. ఈ రెండూ వదులుకున్నా ఆరుగురికి ఇల్లే గిట్టుబాటైంది. విమానం మానేసి ఏడు సీట్ల కారులో వెళ్లారు. అట్లాంటా నుంచి సుమారు ఏడు వందల కిలోమీటర్లు, దాదాపు ఏడు గంటలు. మడత పెట్టే వీల్‌చైర్ ఒకటి స్నేహితుడి ఇంటి నుంచి అరువు.

టిక్కెట్లు రెండు రోజులకే. ఒకేరోజు రెండు మూడు పార్కులు తిరిగే హాపర్ వద్దనుకున్నారు. క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ 2020 దాకా ఉచితంగా ఉండేది. 2021 అక్టోబరులో జీనీ ప్లస్ పేరుతో డబ్బులకిచ్చారు. 2024 నుంచి అదే లైట్నింగ్ లేన్. తలకింత చొప్పున రోజూ కొనాలి. జనం లేని రోజుల్లో గేట్లు తెరవకముందే చేరితే దాని అవసరం పెద్దగా పడదని కోడలి అంచనా, అదే నిజమైంది.

పులిహోర కూడా లోపలికే!

బయటి తిండిని లోపలికి తీసుకెళ్లనివ్వరని చాలామంది అనుకుంటారు. డిస్నీ వరల్డ్‌లో తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, మద్యం కుదరవు. విడి ఐసు వద్దంటారు, గడ్డకట్టించిన జెల్ ప్యాకులైతే ఫర్వాలేదు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. పులిహోర, పెరుగన్నం, చపాతీలు కూలర్లో సర్దారు. తిండి కౌంటర్లలో అడిగితే గ్లాసుడు చల్లని మంచినీళ్లు ఊరికే ఇస్తారు. బాటిళ్లు కొననవసరం లేదన్నమాట.

మొదటిరోజు యానిమల్ కింగ్‌డమ్. పొద్దున్నే సఫారీ బండెక్కి ఏనుగుల్నీ జిరాఫీల్నీ చూశారు. అక్కడి ఆసియా విభాగంలో కల్పించిన ఊరి పేరు ఆనందపూర్. పాడుబడిన కోట గోడల మధ్య పులులు తిరుగుతుంటే 'మన జూపార్కులో ఇంత దగ్గరగా ఎప్పుడు చూశాం!' అన్నారు మామగారు. నోట్‌బుక్ ఆ పూట జేబులోనే ఉండిపోయింది.

రెండోరోజు ఏ పార్కూ లేదు. మోకాళ్లకు విశ్రాంతి. సాయంత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా అనే రెస్టారెంట్‌లో ముందే టేబుల్ చెప్పుకుని వెళ్లారు. నాన్‌ రొట్టెల్ని రకరకాల చట్నీలతో ఇస్తారక్కడ. కిటికీలోంచి చూస్తే జీబ్రాలు, జిరాఫీలు. దీనికి పార్కు టిక్కెట్టు అక్కర్లేదు. ప్రయాణం మొత్తమ్మీద బయట కూర్చుని తిన్నది ఆ ఒక్కపూటే.

మూడోరోజు మ్యాజిక్ కింగ్‌డమ్. ఆ నెలల్లో కొన్ని రాత్రులు విడిగా టిక్కెట్టుతో హాలోవీన్ పార్టీ ఉంటుంది. ఆ రోజుల్లో మామూలు టిక్కెట్టువాళ్లను సాయంత్రమే పంపేస్తారు. అందుకని జనం తక్కువ. కానీ రాత్రి బాణసంచా పోతుంది. అత్తగారికి అది చూపించాల్సిందేనని పార్టీ లేని రోజే ఎంచుకున్నారు. స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే నలభై నాలుగు అంగుళాల ఎత్తుండాలి. బుల్లోడు చాలడు. ఇలాంటప్పుడు ఒకరు పిల్లాడితో ఆగి, తర్వాత మళ్లీ పొడవాటి క్యూ లేకుండా ఎక్కే ఏర్పాటుంది. దాన్ని రైడర్ స్విచ్ అంటారు. నాన్నతో ఒకసారి, అమ్మతో ఒకసారి ఎక్కి పాప రెండింతలు లాభపడింది.

మొదటిసారి ఎవరూ అటువైపు కూడా చూడనిది కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన బొమ్మల నాటకం అది. చల్లటి హాల్లో కూర్చుంటే చాలు, కుర్చీలే వేదిక చుట్టూ తిరుగుతాయి. ఒక ఇంట్లో కరెంటు రాకముందు వంట ఎలా ఉండేది, తర్వాత ఏయే మిషన్లు వచ్చాయి... ఇరవై నిమిషాల కథ. భాష పూర్తిగా అర్థం కాకపోయినా అత్తగారు కళ్లార్పలేదు. బయటికొచ్చాక మనవరాలికి రుబ్బురోలు, కిరసనాయిలు స్టవ్వు, పెళ్లయిన ఎన్నేళ్లకి మిక్సీ కొన్నారో... అన్నీ వరసగా చెప్పింది. 'ఇంకోసారి చూద్దామా నానమ్మా?' అంటే 'పదవే' అని తనే ముందు బయల్దేరింది. అక్కడ క్యూ కూడా లేదు!

అట్లాంటా తిరిగొచ్చాక మామగారు లెక్క కట్టారు. మొదటిసారి ఖర్చులో సగం కూడా కాలేదు. ఆ ఉత్సాహంతో కొడుకు ఏడాది పాసు గురించి ఆరా తీశాడు. పాసు ఏడాది మొదటిసారి వాడిన రోజు నుంచి లెక్క. ఈ ఏడాది సెప్టెంబరు మధ్యలో, వచ్చే ఏడాది సెప్టెంబరు మొదట్లో వెళ్తే రెండు ప్రయాణాలూ ఒకే పాసులో సరిపోతాయి. పార్కింగూ కలిసొస్తుంది. కానీ తక్కువ ధర పాసులన్నీ ఫ్లోరిడా వాసులకే. మిగతావాళ్లకి మామూలుగా దొరికేది అన్నిటికన్నా ఖరీదైనది. 'ఏడాదికి పదిరోజులైనా తిరిగితే తప్ప గిట్టదురా' అని నోట్‌బుక్ మూసేశారాయన.

వీల్‌చైర్ తిరిగిచ్చేటప్పుడు స్నేహితుడు ఆ నోట్‌బుక్ పేజీలన్నిటినీ ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. వాళ్లమ్మగారు డిసెంబరులో గుంటూరు నుంచి వస్తున్నారట. 'సెప్టెంబరు దాకా ఉండమని చెప్పు' అంది కోడలు.