పగిలిన రోజు, విరిగిన రోజు

ఉసూలె ఫిఖ్‌హ్ పాఠాల్లో 'సబ్ర్ వ తఖ్సీమ్' అనే ప్రకరణం ఒకటి ఉంది. ఇక్కడి 'సబ్ర్' ఓర్పు అనే అర్థమిచ్చే మాట కాదు. ఆ మాటను అరబీలో 'సాద్' అక్షరంతో రాస్తారు. దీన్ని 'సీన్'తో రాస్తారు. గాయం ఎంత లోతు ఉందో సలాక పెట్టి పరీక్షించడం దీని మూలార్థం. 'తఖ్సీమ్' అంటే విభజన. ఒక ఆదేశానికి కారణం ఏమై ఉండవచ్చో అన్నింటినీ ముందు విడివిడిగా పేర్కొనాలి. తర్వాత ఒక్కొక్కదాన్ని పరీక్షించి, నిలవని వాటిని తొలగించాలి. చివరికి మిగిలినదే కారణం.

విద్యార్థులకు దీన్ని మద్యం ఉదాహరణతో బోధిస్తారు. మద్యం నిషిద్ధం కావడానికి కారణమేమిటి? రంగా? ద్రవం కావడమా? ద్రాక్ష నుండి తీయడమా? మత్తు కలిగించడమా? రంగే కారణమైతే అదే రంగు షర్బత్ కూడా నిషిద్ధం కావాలి. ద్రవం కావడమే కారణమైతే మంచినీళ్లూ నిషిద్ధం కావాలి. ద్రాక్షే కారణమైతే ద్రాక్షపండు తినరాదు. ఇవేవీ నిలవవు. మత్తు ఒక్కటే మిగులుతుంది.

ఈ ప్రకరణాన్ని మేము ఏళ్ల తరబడి చాపల మీద కూర్చుని బోధించాము. కానీ అది ఆచరణలో ఎంతటి ఆయుధమో, ఒక మనిషి పరువును ఎలా కాపాడగలదో, ఒక పాత ట్రక్కు ఆగిపోయిన రోజున కళ్లారా చూశాము.

మా మదర్సాకు వఖ్ఫ్‌గా వచ్చిన ఒక పికప్ ట్రక్కు ఉంది. వయసు పాతికేళ్లు దాటింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండి. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి నేలల సంగతి తెలిసిన వారికి అటువంటి బండి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వాన పడితే ఆ మట్టి చక్రాలను పట్టుకుని వదలదు. కోతల కాలంలో పల్లెల్లోని రైతు సోదరులు ఇచ్చే ఉశ్ర్ ధాన్యాన్ని మదర్సాకు చేర్చేది ఈ బండే. పిల్లల భోజనం చాలా వరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

దాన్ని నడిపే యువకుడు మా పూర్వ విద్యార్థి, హాఫిజ్. పనిలో చేరి నాలుగు నెలలైంది. తండ్రి లేడు, తల్లికీ, ఇద్దరు చెల్లెళ్లకూ అతని సంపాదనే ఆధారం. ఒకనాటి సాయంత్రం ఒక పల్లెలో వడ్ల బస్తాలు ఎక్కించుకుని బయలుదేరబోతే వెనుక నుండి 'టక్' మని ఒక్క శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఇంజను అరుస్తున్నది గానీ బండి అంగుళం కూడా కదలలేదు.

మరునాడు మొదట చూసిన మెకానిక్, బండి కిందకు వంగనైనా వంగకుండా తీర్పు చెప్పేశాడు. గేర్‌బాక్సూ, దాని వెనుక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసూ దింపాలట; క్లచ్ కూడా మార్చాలట; 60,000 రూపాయలు అవుతుందట. ఈ మాట కమిటీకి చేరింది. పెద్దలలో కొందరు అప్పటికప్పుడే మరో తీర్పు ఇచ్చారు. కుర్రవాడు బండిని ఇష్టం వచ్చినట్లు తోలాడు, అమానత్‌ను పాడు చేశాడు, సగం డబ్బు అతని జీతం నుండి పట్టుకుని పనిలో నుండి తీసివేయాలి అన్నారు. అతను తల వంచుకుని, "హజ్రత్, అల్లాహ్ సాక్షి, నేను బండిని కొట్టలేదు, గుంజలేదు" అని మాత్రం అన్నాడు.

సూరహ్ హుజురాత్ 6వ ఆయత్ మనందరికీ తెలిసినదే. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోవాలనీ, లేకుంటే తెలియక ఒకరికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అది హెచ్చరిస్తున్నది. ఈ వ్యవహారంలో హాని రెండు వైపులా ఉంది. ఒకవైపు ఒక యువకుని పరువు, ఉపాధి. మరోవైపు అల్లాహ్ పేర ఇచ్చిన వఖ్ఫ్ ధనం. నిర్ణయానికి ముందు మరొకరి చేత పరీక్ష చేయిద్దామని మేము కోరాము, పెద్దలు అంగీకరించారు. లారీల షెడ్డు నడిపే ఒక వృద్ధ మేస్త్రీని పిలిపించాము. ఆ వీధిలో ఆయనను అందరూ 'ఉస్తాద్' అనే పిలుస్తారు. ఆ మాటకు ఆయన ఎంత తగినవారో ఆ రోజు తెలిసింది.

ఇంజను బలం చక్రానికి చేరే దారిని పాఠకులు ఒక్కసారి ఊహించుకోవాలి. ఇంజను నుండి క్లచ్‌కు, క్లచ్ నుండి గేర్‌బాక్సుకు, అక్కడి నుండి ట్రాన్స్‌ఫర్ కేసుకు బలం వెళుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు దాన్ని వెనుకకు పంపుతుంది. లివరు వేస్తే ముందుకు కూడా పంపుతుంది. అక్కడి నుండి ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవాటి తిరిగే గొట్టం, తర్వాత రెండు చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియల్, దాని నుండి కుడి ఎడమలకు యాక్సిల్ షాఫ్టులు, చివర చక్రాలు. హదీసు సనద్‌లో ఒక్క రావీ దగ్గర తెగినా ఉల్లేఖనం మనదాకా సరిగా చేరనట్లే, ఇందులో ఒక్క కొస తెగినా బండి కదలదు. తెగింది ఎక్కడ అన్నదే ప్రశ్న.

ఉస్తాద్ మొదట చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టించారు. "మౌలానా, వెనుక యాక్సిల్ విరిగిన బండిని గేరులో పెట్టినంత మాత్రాన ఆగదు. గేరుకూ చక్రానికీ సంబంధమే తెగిపోయి ఉంటుంది. కొన్ని పాత జీపులకు హ్యాండ్‌బ్రేకు కూడా చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉంటుంది. అదీ పనికి రాదు. ఇలాంటి బండి కిందకు వెళ్లి నలిగిపోయినవాళ్లు ఉన్నారు" అన్నారు.

తర్వాత ఆయన కమిటీ పెద్దలను కాక, బండి నడిపినవాడినే అడిగారు. "బేటా, ఏం వినిపించింది? ఎక్కడి నుండి? క్లచ్ కాలిన వాసన వచ్చిందా?" అతను జరిగింది జరిగినట్లు చెప్పాడు. వాసన రాలేదన్నాడు.

అప్పుడు పరీక్ష మొదలైంది. బండిని రెండు చక్రాల డ్రైవులోనే ఉంచి, గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నారు. తాను పక్కన దూరంగా కూర్చుని కిందకు చూశారు. వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్కగా తిరుగుతున్నది. చక్రాలు మాత్రం నిశ్చలంగా ఉన్నాయి. "బలం ఇక్కడి దాకా వస్తున్నది. అంటే క్లచ్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు తమ పని తాము చేస్తున్నాయి. లోపం దీని తర్వాత" అన్నారు. ఆ మాటను రెండో సాక్ష్యంతో బలపరచారు. ముందు చక్రాల హబ్‌లను చేతితో లాక్ చేయించి, రాళ్లు తీయించి, ఫోర్ వీల్ లివరు వేయించారు. బండి ముందు చక్రాల మీద మెల్లగా కదిలింది. క్లచ్ నిజంగా కాలిపోయి ఉంటే బస్తాల బరువుతో అలా కదిలేది కాదు. 60,000 రూపాయల నింద ఆ నాలుగడుగుల్లో తొలగిపోయింది.

ఇక మిగిలింది వెనుక హౌసింగ్. ఒక పక్క షాఫ్ట్ విరిగితే రెండో పక్క చక్రమైనా లాగాలి కదా అని మేము అడిగాము. ఆయన వివరించారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకు వీలుగా డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానమైన బలం ఇస్తుంది, వేగాన్ని మాత్రం వేరువేరుగా ఉండనిస్తుంది. ఒక పక్క విరిగి ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంటే అక్కడ పట్టు సున్నా. సమానంగా పంచాలి గనుక రెండో పక్కకు అందేదీ సున్నాయే. ఒకటి విరిగితే రెండూ నిలిచిపోతాయి.

బండిని షెడ్డుకు చేర్చే ముందు ఆయన మరొక సంగతి నిర్ధారించుకున్నారు. ఈ బండిలో చక్రం బరువును మోసేది యాక్సిల్ షాఫ్ట్ కాదు, హౌసింగ్ చివరి బేరింగులు. దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. అందువల్ల బస్తాలు దింపి, ముందు చక్రాలతో నెమ్మదిగా నడిపించవచ్చు. షాఫ్టే చక్రాన్ని మోసే రకం బండ్లలో అలా చేస్తే చక్రం ఊడి బయటికి వస్తుంది. వాటిని నడపనే రాదు. పాత బండ్లున్న సోదరులు ఈ తేడాను తప్పక తెలుసుకోవాలి.

షెడ్డులో నూనె దింపి, చక్రం ఊడదీయకుండానే హబ్ మీది బోల్టులు విప్పి షాఫ్టులను బయటికి లాగారు. కుడి పక్కది నిండుగా వచ్చింది. ఎడమ పక్కది పొట్టిగా వచ్చింది. డిఫరెన్షియల్‌లో కూర్చునే పళ్ల మొదట్లో తెగిపోయి ఉంది.

ఉస్తాద్ ఆ విరిగిన ముఖాన్ని కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి వెలుతురులో మా చేతికిచ్చారు. "చదవండి మౌలానా, మీరు చదువుకున్నవారు" అన్నారు. ఆ ఇనుములో రెండు రకాల నేల ఉంది. సగానికి పైగా నున్నగా, నూనె పట్టి నల్లబడి ఉంది. దాని మీద చెరువు నీరు దిగిపోతూ ఒడ్డున వదిలిన గీతల్లాంటి వంపులు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. మిగిలిన కొద్ది భాగం గరుకుగా, చక్కెర పలుకుల్లా తెల్లగా మెరుస్తున్నది.

"మెరిసేది నిన్న విరిగింది. నల్లనిది ఎప్పుడో పగిలింది. బరువు పడినప్పుడల్లా వెంట్రుకవాసి జరుగుతూ వచ్చింది. మిగిలిన ఈ కాస్త ఇనుము మీదే బండి నడిచింది. నిన్న ఎవరు నడిపినా విరిగేది" అన్నారు ఆయన. కమిటీ పెద్దల్లో ఒకరు వెంటనే, "అయితే ఇది పాత డ్రైవరు పనే" అన్నారు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. "ఎన్ని నెలల నాటిదో నేను చెప్పలేను. ఎవరి చేతిలో మొదలైందో ఈ ఇనుము చెప్పదు. నిన్నటిది కాదని మాత్రమే చెబుతుంది." తెలిసినంత వరకే సాక్ష్యం ఇవ్వడం, తెలియని చోట ఆగిపోవడం: షహాదత్ నియమాలను మేము గ్రంథాల్లో చదివాము, ఆయన వాటిని పాటించి చూపారు.

లోపల మిగిలిన ముక్కను అయస్కాంతంతో తీశారు. ఇనుప రజను మిగిలితే క్రౌన్ వీల్ పళ్లు పాడవుతాయి గనుక డిఫరెన్షియల్‌ను విప్పి, కడిగి, పళ్లను ఒక్కొక్కటిగా చూశారు. వేరొక బండి నుండి తీసిన మంచి షాఫ్టును పగుళ్లు లేవని పరీక్షించి అమర్చారు. కొత్త సీళ్లు వేసి, హౌసింగ్ మీద గాలి పోయే చిన్న రంధ్రంలోని మట్టిని తీశారు. అది పూడుకుపోతే లోపలి వేడికి ఒత్తిడి పెరిగి నూనె సీళ్ల నుండి బయటికి తన్నుకొస్తుంది. ఈపీ 90 గేర్ ఆయిల్ పోశారు. కూలితో సహా 7,000 రూపాయలు దాటలేదు. పాత షాఫ్టును మాకే అప్పగించారు.

కమిటీ పెద్దలు యువకుణ్ణి అందరి ఎదుటా పిలిచి, తమ మాటను వెనక్కు తీసుకున్నారు. నింద అందరి ఎదుటా పడినప్పుడు దాని తొలగింపు కూడా అందరి ఎదుటే జరగాలన్నది న్యాయం. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక.

పాఠక సోదర సోదరీమణులారా! విరిగిన రోజు వేరు, పగిలిన రోజు వేరు. మన ఇళ్లలో తీర్పులన్నీ విరిగిన రోజునే చూసి ఇస్తున్నాము. ఒక సాయంత్రం కూర సరిగా లేదన్న మాటతో భార్యాభర్తలు విడిపోయారని విన్నప్పుడు ఆ కూరనే తప్పు పడతాము. పరీక్ష తప్పిన పిల్లవాడి చేతిలోని ఫోనునే తప్పు పడతాము. కోడలు వచ్చిన ఏడాదే అన్నదమ్ములు వేరుపడితే ఆమెనే తప్పు పడతాము. ఆ క్షణాన చేయి ఎవరిది ఉంటే నింద వారిదే. నల్లబడిన భాగాన్ని కడిగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కారణాలన్నీ పేర్కొని, నిలవని వాటిని తొలగించి, తెలిసినంతే పలికితే, ఎన్నో ఇళ్లలో నిర్దోషి తల వంచుకుని నిలబడే అవసరం రాదు. అందుకు సీన్‌తో రాసే సబ్ర్ ఎంత అవసరమో, సాద్‌తో రాసే సబ్ర్ కూడా అంతే అవసరం.

ఆ రెండు ముక్కల షాఫ్టు ఇప్పుడు మా తరగతి గదిలోని అలమరలో ఉంది. ఉసూల్ పాఠంలో ఆ ప్రకరణం వచ్చినప్పుడు మద్యం ఉదాహరణ చెప్పిన తర్వాత దాన్ని విద్యార్థుల చేతికిస్తున్నాము.