పేరు రాసే గడి

గూడెం పిల్లలు వెబ్‌సైట్లు చేస్తారంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. మేము ముగ్గురం కోయ పిల్లలం. డిగ్రీ అయ్యాక భద్రాచలంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి పెడుతున్నాం. ఇంతవరకు మాకు వచ్చిన పనుల్లో ఎక్కువ నేర్పింది ఒక సెలూన్ సైటు.

ఆ సెలూన్ అన్నకు అప్పటికే ఒక సైటు ఉంది. పట్నంలో ఎవరో చేసిచ్చారు. తెరవగానే పెద్ద పెద్ద ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. "బుకింగులు మాత్రం రావట్లేదు తమ్ముడూ. అందరూ ఫోనే చేస్తున్నారు. చేతిలో కత్తెర పెట్టుకుని ఫోన్ ఎట్లా ఎత్తేది?" అన్నాడు అన్న.

మేము వెంటనే కోడ్ జోలికి పోలేదు. రెండు రోజులు ఆ సెలూన్ బెంచీ మీదే కూర్చున్నాం. వచ్చినవాళ్ళ చేతికి మా ఫోన్ ఇచ్చి, "ఇందులో టైమ్ బుక్ చేసి చూపించండి" అని అడిగి, పక్కనుండి చూశాం. తర్వాత మా ఊరికి పోయి అక్కడా తెరిచి చూశాం.

మొదటి ఇబ్బంది ఊళ్ళోనే తెలిసింది. సిగ్నల్ ఒక గీత ఉన్న చోట ఆ ఫొటోలు రావు. వచ్చేలోపు మనిషికి విసుగు పుట్టి మూసేస్తాడు. రెండోది, ఈమెయిల్, పుట్టిన తేదీ రాయకపోతే ఫారం ముందుకు కదలదు. జుట్టు కత్తిరించడానికి పుట్టిన తేదీ ఎందుకు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పనికి అవసరమైనంతే తీసుకోమంటుంది.

మూడోది మమ్మల్ని బాగా గుచ్చింది. పేరుకు రెండు గడులున్నాయి. ముందు సొంత పేరు, తర్వాత ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరే ముందు. బడి రిజిస్టర్‌లోనూ అట్లాగే రాయించుకున్నాం. అందుకని మనవాళ్ళు మొదటి గడిలో మడకం అనో, సోడె అనో, కారం అనో రాస్తారు. సైటు ఆ గడిలో ఉన్నదే అన్నకు పంపేది. ఒకే గూడెం నుంచి ముగ్గురు బుక్ చేస్తే తెర మీద ముగ్గురూ మడకమే. పిలిస్తే ముగ్గురూ లేచేవాళ్ళు.

సెలూన్‌లో ఇది నవ్వుకునే సంగతే. ఇదే గడి స్కాలర్‌షిప్ ఫారంలో వస్తే నవ్వు రాదు. ఒక కాగితంలో పేరు ముందు, ఇంకో కాగితంలో ఇంటిపేరు ముందు పడి, రెండూ కలవక, ఆటో ఖర్చులు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళం మేము.

అందుకే ఫారం మొత్తం మార్చాం. కదిలే ఫొటోలు తీసేసి, ఒక్క ఫొటోను కుదించి ఉంచాం. పేరుకు ఒకటే గడి. దాని మీద "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని తెలుగులో రాశాం. తర్వాత ఫోన్ నంబరు. ఆ గడి నొక్కితే అంకెల కీబోర్డే వస్తుంది. కోడ్‌లో అది ఒక్క మాట మార్చే పని. పాత సైటు ఏ పనికైనా గంట ఇచ్చేది. అన్నను అడిగి గడ్డానికి 15 నిమిషాలు, కటింగ్‌కు 30, రంగుకు 90 పెట్టాం. ఒకే టైమును ఇద్దరు ఒకేసారి నొక్కితే, ముందు చేరినవాళ్ళకే దక్కేలా డేటాబేస్‌లోనే కట్టడి పెట్టాం.

ఒక్క విషయంలో మాలో మాకే వాదన జరిగింది. సంత రోజు టైములన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలా? పెడితే ఫోన్ ఉన్నవాడు ఇంట్లో కూర్చునే కుర్చీ పట్టేస్తాడు. పొద్దున్నే లేచి, నడిచి, ఆటో పట్టుకుని వచ్చిన పెద్దాయన సాయంత్రం దాకా బెంచీ మీదే ఉంటాడు. అన్ననే అడిగాం. "మా నాయన కాలం నుంచి వస్తున్నది వాళ్ళే కదా" అన్నాడు. ఉన్నవి రెండు కుర్చీలు. సంత రోజు ఒకటి బుకింగ్‌కు, ఒకటి నేరుగా వచ్చేవాళ్ళకు ఉంచాం. ఫోన్ చేసే బటన్ కూడా పేజీ పైనే ఉంచాం. చదువు రానివాళ్ళకు అదే దారి.

ఇప్పుడు అన్న ఫోన్ మోగడం తగ్గింది. ఎవరిని పిలిస్తే వాళ్ళే లేస్తున్నారు.

తెలుగు అక్షరాలకు 1991 నుంచే యూనికోడ్‌లో చోటుంది. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గోండి లిపికి 2018లో దక్కింది. అక్షరాలు కంప్యూటర్‌లోకి చేరాయి. మన పేర్లు రాసుకునే తీరు, మన ఊళ్ళ సిగ్నలు, మన సంత రోజులు తెలిసిన ఫారాలు ఇంకా రావాలి. అవి తెలిసినవాళ్ళే చెయ్యాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కోడింగ్ నేర్చుకుంటే పెద్ద కంపెనీకే పోవాలని లేదు. మీ ఊరి పక్క బజారులో ఒక దుకాణం సైటు చూడండి. టీచర్లకు ఒక విన్నపం. కంప్యూటర్ క్లాసులో పిల్లలకు ఏదో ఒక ఫారం ఇచ్చి నింపమనండి. ఏ గడి దగ్గర ఆగిపోయారో అడగండి. ఆ గడిని ఎట్లా మార్చి రాయాలో వాళ్ళ చేతనే రాయించండి.