సిస్టీన్ నిశ్శబ్దం ఎవరి వాటా?

రోమ్‌లో ఒత్తావియానో మెట్రో స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే వాటికన్ మ్యూజియాల గోడ వస్తుంది. కోటగోడంత ఎత్తు. ఆ గోడ నీడన పొద్దున్నే క్యూ మొదలవుతుంది. తలుపులు తెరిచేది 8 గంటలకు. అయితే అప్పటికే లోపల మనుషులుంటారు. ఇక్కడ తాళాలు తీసే ఉద్యోగిని 'క్లావిజెరో' అంటారు. మ్యూజియాలకు దాదాపు 2,800 తాళంచెవులున్నాయి. సిస్టీన్ చాపెల్ తాళంచెవికి మాత్రం నంబరుండదు, దాన్ని సీలు వేసిన కవరులో దాస్తారు. తెల్లవారకముందే ఆ ఉద్యోగి వెంట ఒక్కో గది తలుపు తెరుస్తూ, దీపాలు వేస్తూ నడిచి, చివరికి ఖాళీ చాపెల్‌లో నిలబడే అవకాశాన్ని విలాసయాత్రల కంపెనీలు పెద్ద ధరకు అమ్ముతున్నాయి. సాయంత్రం మూసేశాక చిన్న బృందాలను తీసుకెళ్లే ఏర్పాటూ ఉంది. జనం ఎక్కువైతే తట్టుకోలేదని మామూలు సందర్శకులకు చూపని నికొలీన్ చాపెల్ కూడా కొన్ని ప్రత్యేక యాత్రల్లో ఉంటుంది. 15వ శతాబ్దిలో ఫ్రా ఆంజెలికో బొమ్మలు వేసిన చిన్న గది అది.

ఈ యాత్రలను డబ్బున్నవాళ్ల డాబుగా కొట్టిపారేయడం సులువే గానీ న్యాయం కాదు. అక్కడ అమ్ముతున్న వస్తువుకు నిజంగానే విలువుంది. సిస్టీన్ చాపెల్ సుమారు 40 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు ఉన్న ఒకే ఒక హాలు. పైకప్పు మీద మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా పనిచేశాడు. బలిపీఠం వెనక గోడ మీది 'అంతిమ తీర్పు'ను మరో పాతికేళ్లకు మొదలుపెట్టి 1541లో ముగించాడు. సృష్టి నుంచి నోవహు దాకా సాగే ఆ కప్పును వరసగా చూడాలంటే మెడ ఎత్తి, నిలబడి, మళ్లీ వెనక్కి నడిచి చూడాలి. పగటిపూట అది కుదరదు. భుజాలు రాసుకునే జనం, నిశ్శబ్దం పాటించమని కాపలాదారుల కేకలు, ముందుకు కదలమనే తొందర. వచ్చినవాడు బొమ్మలను చూస్తాడు గానీ వాటి వరస అందుకోలేడు. పైగా అది ప్రార్థనామందిరం, పోపును ఎన్నుకునే చోటు. ఖాళీ హాలులో అరగంట నిలబడడం భోగం కాదు, ఆ చిత్రాలను చూడవలసిన పద్ధతే అది. అందుకే ఆ అరగంటను ధర కట్టి అమ్మడం నాకు మింగుడుపడదు.

ఎందుకంటే ఆ నిశ్శబ్దం దానంతటదే అరుదైన వస్తువు కాలేదు. ఏడాదికి 60 లక్షలకు పైగా జనాన్ని ఆ హాలు మీదుగా పంపించే ఏర్పాటే దాన్ని అరుదు చేసింది. ఆ జనం ఊపిరి, చెమట, దుమ్ము చిత్రాలను పాడుచేస్తున్నాయని 2014లో కొత్త గాలి శుద్ధి వ్యవస్థ, ఎల్ఈడీ దీపాలు పెట్టవలసి వచ్చింది. పగలు రద్దీ టికెట్లు అమ్మి, ఆ రద్దీ నుంచి తప్పించుకునే దారిని తెల్లవారుజామున ఇంకో ధరకు అమ్మితే, రెండో అమ్మకానికి గిరాకీ తెచ్చేది మొదటి అమ్మకమే. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. కానీ ఖాళీ గంటలకు మంచి ధర పలుకుతున్నంత కాలం, పగటి జనాన్ని తగ్గించాలన్న తొందర ఏ సంస్థకు పుడుతుంది?

మరమ్మతులకు డబ్బెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాటికన్ మ్యూజియాలకు 1983 నుంచి పోషకుల సంఘం ఉంది. ఎన్నో చిత్రాల, శిల్పాల శుద్ధి వాళ్ల విరాళాలతో జరిగింది. దాతకు కృతజ్ఞతగా ఒక సాయంత్రం తలుపు తెరవడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ చాపెల్ చరిత్రలోనే మరో దారి కనిపిస్తుంది. 1980లో మొదలై 1994లో ముగిసిన పెద్ద శుద్ధికి ఖర్చు భరించింది జపాన్‌కు చెందిన నిప్పన్ టెలివిజన్. బదులుగా ఆ సంస్థ పొందింది ఫోటోల, చిత్రీకరణ హక్కులు. అంత పెద్ద మొత్తం వచ్చినా సందర్శకుడి గంట ఒక్కటీ ఎవరికీ రాసివ్వలేదు. ఇంకో సంగతి. క్యూలో నిలబడి 20 యూరోలు, ముందుగా బుక్ చేసుకుంటే ఇంకాస్త ఎక్కువ కట్టే లక్షలాది మందిని కూడా పోషకులుగానే లెక్కించాలి. వాళ్లకు మాత్రం ఏ సాయంత్రమూ దక్కదు.

చోటు కొద్దిగా ఉన్నప్పుడు ఏదో ఒక వడపోత తప్పదు కదా, డబ్బు కాకపోతే ఇంకేది అన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు అదే వాటికన్‌లో, సెయింట్ పీటర్స్ బసిలికా నేల కింద ఉంది. 1940 నుంచి జరిపిన తవ్వకాల్లో అక్కడ రోమన్ల కాలపు సమాధుల వీధి బయటపడింది. పేతురు సమాధి ఉన్నది అక్కడేనని కాథలిక్కుల విశ్వాసం. ఇరుకు దారులు, తేమ. అందుకని రోజుకు సుమారు 250 మందినే, డజను మంది చొప్పున పంపుతారు. తవ్వకాల కార్యాలయానికి ముందుగా రాసుకుంటే ఖాళీని బట్టి వాళ్లే రోజు, వేళ చెబుతారు. రుసుము మ్యూజియం టికెట్టుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఎంతమందిని పంపాలో సమాధుల భద్రత తేలుస్తుంది, ఎవరిని పంపాలో ముందు రాసుకున్న వరస తేలుస్తుంది.

తెలుగువాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు, తిరుమలలో రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలిచ్చి బ్రేక్ దర్శనం టికెట్టు కొనుక్కోవచ్చు. సుప్రభాతం, తోమాల వంటి సేవలకు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని లక్కీ డిప్‌లో ఎదురుచూడనూ వచ్చు. సుప్రభాతం టికెట్టు 120 రూపాయలే. డిప్‌లో పేరు రాకపోతే మనసు చివుక్కుమంటుంది, వచ్చే నెల చూద్దామనుకుంటాం. మన బదులు లోపలికి వెళ్లినవాడు మనకన్నా గొప్పవాడన్న మాట మాత్రం రాదు. లక్షలమంది ఆ పద్ధతిని ఏళ్లుగా ఒప్పుకుని పాటిస్తున్నారు కాబట్టి అది జరగని పని అని ఎవరూ అనలేరు.

విలాసయాత్రల ప్రకటనల్లో రెండో ఆకర్షణ 'రహస్య గ్రంథాలయాలు, దస్త్రాలు'. వాటికన్ దస్త్రాల భాండారాన్ని ఐదవ పాల్ పోపు 1612లో ఏర్పరిచాడు. ఇప్పుడక్కడి అరల పొడవు 85 కిలోమీటర్లు. గెలీలియో విచారణ కాగితాలు, ఎనిమిదో హెన్రీ పెళ్లి రద్దు చేయమని 1530లో ఇంగ్లండ్ ప్రభువులు పంపిన ముద్రల వినతిపత్రం అక్కడే ఉన్నాయి. 1810లో నెపోలియన్ ఈ భాండారాన్ని పారిస్‌కు తరలించాడు. తిరిగొచ్చేసరికి గణనీయమైన భాగం పోయింది. 1881 నుంచి పరిశోధకులకు తెరిచే ఉంది. తగిన చదువు, సిఫారసు లేఖ ఉంటే చాలు, డబ్బు అక్కర్లేదు. పరిశోధకుడు అరల మధ్య తిరగడు. సూచికలో వెతికి, అడిగి, ఒక కట్టను బల్ల మీద పెట్టుకుని చదువుతాడు. యాత్రికుడి సంగతి దీనికి తలకిందులు. అతనికి అరలు కనిపిస్తాయి, కాగితం తెరుచుకోదు. 1308లో టెంప్లర్లనే క్రైస్తవ యోధుల సంఘం నాయకులకు ఐదవ క్లెమెంట్ పోపు పాపవిమోచనం ఇచ్చాడని తెలిపే షినాన్ తోలుపత్రం 2001లో బయటపడింది. అది ఏ ఇనుపపెట్టెలోనూ లేదు, సూచికలో తప్పుగా నమోదై మరుగున పడింది. దాన్ని పైకి తెచ్చింది ఒక పరిశోధకురాలి చదువు.

తిరుమల ఆలయంలో అన్నమయ్య రాగిరేకులు కూడా ఇలాగే సంకీర్తన భాండారంలో శతాబ్దాలు పడి ఉన్నాయి. వాటిని బయటికి తెచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు చదివి పరిష్కరించి అచ్చువేశాక ఆ పాట ఇల్లిల్లూ చేరింది. ఆ అర లోపల ఎలా ఉంటుందో పాడుకునేవాళ్లలో చాలామందికి తెలియదు, తెలియనందువల్ల వాళ్లకు లోటేమీ లేదు.

పట్టా లేని మామూలు చదువరి సంగతేమిటి, అతనికి కనీసం ఈ యాత్ర ఉంది కదా అంటే, అతనికి ఇంతకన్నా మంచి దారులున్నాయి. 2012లో భాండారం 400 ఏళ్ల సందర్భంగా వంద అసలు పత్రాలను రోమ్‌లోని కాపిటోలైన్ మ్యూజియాల్లో కొన్ని నెలలపాటు అందరికీ చూపించారు. పక్కనే ఉన్న వాటికన్ గ్రంథాలయం తన రాతప్రతుల్లో వేలాదిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. రాతప్రతుల విషయంలో ఇంత చేయగలిగినవాళ్లు చాపెల్ విషయంలోనూ చేయగలరు. ప్రతినెలా చివరి ఆదివారం మ్యూజియాలకు ప్రవేశం ఉచితం, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా. మంచి ఉద్దేశమే. కానీ పేదవాడికి దొరికేది అన్నిటికన్నా ఇరుకైన పూట. అదే ఆదివారం పొద్దున్నే, తొమ్మిదికి ముందటి రెండు గంటలు, ముందుగా పేరు రాసుకున్నవాళ్లలో డిప్ తీసి చిన్న బృందాలుగా లోపలికి పంపవచ్చు. తాళాలు తీసే ఉద్యోగి ఉన్నాడు, దీపాలున్నాయి, కాపలా ఉంది. ధర కట్టినవాళ్ల కోసం ఇవన్నీ ఇప్పటికే నడుస్తున్నాయి.